లైన్ ఇయ్యమన్నారు, ఇచ్చినాను

కరెంటు నౌకరీలో కొత్తగా చేరిన పిల్లోళ్ళు నన్ను అడుగుతాంటారు, "అన్నా, ముప్పై ఏండ్లు చేసినావు కదా, మాకు పనికొచ్చే మాటలు రెండు చెప్పు" అని. రెండెందుకు నాయనా, ఒక్క మాట చాలు. లైన్. ఆళ్ళగడ్డ పక్క సబ్‌స్టేషన్లలో ఇరవై ఏండ్లు, నంద్యాలలో పదేండ్లు నేను నమిలింది ఆ ఒక్క ఇంగ్లీషు మాటనే. ఇంగ నమిలే ఓపిక లేదు, అందుకే రాస్తాండా.

తీగెను లైన్ అంటాం. తీగెలో వచ్చే కరెంటునూ లైనే అంటాం. "లైన్ వచ్చిందా?" "లైన్ పాయె." ఫోను తీగె లైను, ఫోనులో అవతలి మనిషి ఉంటే లైన్లో ఉన్నట్టు. కాలేజీ దగ్గర సైకిలు మీద తిరిగేటోడు లైన్ వేస్తాండాడు. బతుకుతెరువు కూడా లైనే, "ఈ లైన్లోకి యాలొచ్చినావప్పా" అని మా మామ నన్ను పెండ్లి చూపుల్లోనే అడిగినాడు. ఇవన్నీ డిక్షనరీలో ఉంటాయో లేదో నేను చూడలేదు. నాకు ఒక్కో అర్థం ఒక్కో మనిషి నేర్పించినాడు, కొన్ని అర్థాలు నేర్చుకోకుండా ఉంటే బాగుండు అనిపిస్తాది.

ప్రమోషన్ల సంగతి రాయను. నాకొచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగానే వచ్చినాయి.

తీగె

నేను చేరిన కొత్తల్లో పోలు ఎక్కడం నేర్పించింది మస్తాన్ వలి. నాకంటే రెండేండ్లు చిన్నోడు, నాకంటే ముందు చేరినోడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పోలు ఎక్కుతాంటే చూసేటోళ్ళకు అదేదో సులువైన పనే అనిపించేది. ఎక్కే ముందర వాచీ తీసి చొక్కా జేబులో ఏస్తాడు, ఉంగరం తీస్తాడు, మెడలో రాగి రేకు తాయెత్తు కూడా తీసి సైకిలు హ్యాండిలుకు తగిలిస్తాడు. మస్తాన్ భార్య ఖాసింబీ నోరున్న మనిషి. "తాయెత్తు ఊడదీసి కరెంటు పోలు ఎక్కేటోనికి తాయెత్తు యాలంట?" అని మా ముందరే తగులుకునేది.

"దేవుడు మంచోడేలేవే, రాగి మంచిది కాదు" అనేవాడు మస్తాన్.

అట్ల నాలుగేండ్లు ఇద్దరం కలిసి తిరిగినాం. ఎండాకాలం ఆ పోళ్ళు ముట్టుకుంటే చేతులు బొబ్బలెక్కేవి. ఆకలేస్తే చేన్లో కూర్చోని ఒకే టిఫిను క్యారేజీలో తినేవాళ్ళం. తర్వాత నేను ఒకసారి పోలు మీంచి జారి నడుముకు దెబ్బ తగిలించుకున్నా. డాక్టరు ఇంగ ఎక్కొద్దన్నాడు. నన్ను ఆళ్ళగడ్డకు రొంత దూరంలో ఒక సబ్‌స్టేషన్లో ఆపరేటరుగా ఏసినారు. దాని పేరు రాయను, ఆడ ఇప్పుడు పనిచేసేటోళ్ళకు దీంతో సంబంధం లేదు. మస్తాన్ అదే సెక్షన్లో లైన్‌మన్‌గా ఉండిపోయినాడు. వాడు బయట తీగెల మీద, నేను లోపల స్విచ్ల ముందర.

సబ్‌స్టేషన్ ముందర

ఆపరేటరు పని కుర్చీ పని అనుకుంటారు. నిజమే, కుర్చీ ఉంటాది. దాని చుట్టూ ముప్పై మంది రైతులు కూడా ఉంటారు. ఆ దినాల్లో బోర్లకు కరెంటు గంటలు లెక్కేసి ఇచ్చేవాళ్ళం, ఈ ఊళ్ళకు పొద్దున, ఆ ఊళ్ళకు మధ్యాన్నం అని. ఆ గంటలు ఎప్పుడూ సరిగ్గా ఇచ్చింది లేదు. వరి ఎండుతాంటే మనిషికి మర్యాద యాడుంటాది? గేటు దగ్గర్నుంచే కేకలు. "ఏందీ, లైన్ ఇస్తావా, మమ్మల్నే లోపలికొచ్చి ఏసుకోమంటావా?" నాకు కోపం రాలేదని చెప్తే అబద్ధం. శానాసార్లు తిరగబడి తిట్టినా. ఇంటికి పోయినాక వాళ్ళు అడిగిందాంట్లో తప్పేముంది అనిపించేది.

ఒక ముసలామె మాత్రం అరిచేది కాదు. జొన్నల తట్ట పక్కన పెట్టుకోని గేటు బయట కూర్చునేది. "అందరికీ వద్దులే నాయనా, మా ఊరి పిండి మిషను తిరిగేంత ఇయ్యి చాలు" అనేది. ఆమెకు అట్ల ఇయ్యలేమని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. రొంత తక్కువైనా ఇయ్యి అనేది.

ఫోను ఒకటుండేది. దానికి వానొస్తే లైన్ ఉండదు, ఎండొస్తే రొంత ఉంటాది. ఉన్నప్పుడంతా మా ఏఈ సారే, అంటే మా పై అసిస్టెంట్ ఇంజినీరు. చదువుకున్న మనిషి, చెడ్డోడు కాదు, కానీ పైన ఎవురన్నా అరిస్తే ఆ అరుపు అట్లనే కింద మా మీద పోసేటోడు. "లైన్లో ఉండు ఓబులేసూ" అని రిసీవరు పక్కన పెట్టి కాఫీకి పోయేవాడు. నేను చెవికి ఆనించుకోని అరగంట. పెట్టేస్తే కోపం, పెట్టకపోతే ముందర రైతుల కోపం. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేనే.

టైం చెప్పుకోవడం

కొత్తోళ్ళు ఇది బాగా చదవండి. తీగె మీద పని చేయాలంటే లైన్ క్లియర్ తీసుకోవాల. మేం ఎల్సీ అంటాం. లైన్‌మన్ అడుగుతాడు, ఆపరేటరు ఆ తీగెకు కరెంటు ఆపి, బుక్కులో రాసి, నంబరు ఇస్తాడు. పనయినాక లైన్‌మన్ దిగి, వచ్చి, ఎల్సీ వాపసు ఇస్తేనే మళ్ళా కరెంటు. పని చేసే చోట తీగెకు భూమికి కలిపి గొలుసు కూడా ఏయాల. పొరపాటున ఎవురన్నా లైన్ ఇచ్చినా ఆ గొలుసు మనిషిని కాపాడతాది. పుస్తకంలో ఇట్లనే ఉంటాది.

మేం చేసింది ఇది కాదు. ఆ దినాల్లో సెల్లు ఫోన్లు లేవు. పని పది కిలోమీటర్ల అవతల చేన్లో. ఎల్సీ తీసుకునేదానికి ఒకసారి, వాపసు ఇచ్చేదానికి ఒకసారి సైకిలు తొక్కాలంటే ఒక్క పోలు పనికి దినమంతా పోతాది. అందుకని టైం చెప్పుకునేవాళ్ళం. పదకొండు నుంచి పన్నెండు దాకా ఆపు, పన్నెండుకు నేను కింద ఉంటా, నువ్వు ఇచ్చెయ్. అంతే. నోటిమాట. బుక్కులో రాసేది లేదు, ఎందుకంటే రాస్తే అది తప్పని బుక్కే చెప్తాది. ఇది ఏఈ సారుకు తెలుసు, పైనోళ్ళకూ తెలుసు. ఇంగ గొలుసు సంగతి, మా సెక్షన్కు ఉన్నదే ఒక్క సెట్టు, అది తెగి మూలన పడుండేది. కొత్తది అడిగి అడిగి మానుకున్నాం.

మస్తాన్ వాచీ తీసి ఎక్కుతాడని చెప్పినా కదా. మరి వానికి టైం ఎట్ల తెలియాల? బస్సు. నంద్యాల నుంచి వచ్చే మధ్యాన్నం బస్సు సబ్‌స్టేషన్ ముందర నుంచి పోయి, తర్వాత ఆ చేన్ల పక్క రోడ్డు మీద పోతాది. "బస్సు నీ ముందర పోయినాక ఇరవై నిముషాలు ఆగు. నా ముందర పోతానే నేను దిగేస్తా" అనేవాడు. ఏండ్ల తరబడి అట్లనే చేసినాం. గడియారం పన్నెండు అన్నా మా ఇద్దరి పన్నెండూ ఆ బస్సే.

ఆ పొద్దు

తొంభైల్లో ఒక వేసవి. మస్తాన్ పదకొండుకు సబ్‌స్టేషన్ కాడికి వచ్చి, నీళ్ళు తాగి, "పోతాండా అన్నా, పన్నెండు దాకా" అని పోయినాడు. నేను లైన్ ఆపినా.

పన్నెండయింది. బస్సు రాలేదు. గేటు ముందర జనం. ఊళ్ళో పలుకుబడి ఉన్న పెద్దమనిషి ఒకాయన కుర్చీ ఎదురుగా నిలబడి, "పన్నెండన్నావు కదప్పా, గోడ మీద గడియారం యాలుండాది మరి, అలంకారానికా?" అంటాడు. పన్నెండు దాటి పది నిముషాలయింది. బస్సు లేదు. ఆయన నా ఫోనే తీసుకోని ఏఈ సారుకు చేసి నా చేతికిచ్చినాడు.

"ఏమి ఓబులేసూ, ఎందుకియ్యలేదు?"

"సార్, బస్సు ఇంకా..."

"బస్సేందయ్యా? ఎవుని బస్సు? టైం అయిందా లేదా?"

"అయింది సార్."

"అయితే ఇయ్యి."

ఇచ్చినాను.

ఇచ్చిన రెండో క్షణమే బ్రేకరు దబ్బుమని ట్రిప్పయింది, తీగెకు యాదన్నా తగిలితే కరెంటు అట్ల దానంతటదే ఆగిపోతాది. అట్ల పడితే మళ్ళా ఒకసారి ఏసి చూడటం మా అలవాటు. జనం "ఏయ్, మళ్ళా ఏయ్" అని అరుస్తాండారు. నేను ఏయలేదు. ఆ పొద్దు నేను చేసిన మంచి పని ఏదన్నా ఉంటే అదొక్కటే. బస్సు ఆ తర్వాత అరగంటకు వచ్చింది, దారిలో టైరు పంచరయిందంట.

బస్సు రాలేదని నాకు తెలుసు. మస్తాన్ దిగి ఉండడని కూడా తెలుసు. తెలిసే ఇచ్చినా. నా ముందర నిలబడినోళ్ళకు భయపడినా, ఫోనులో ఉన్నోనికి భయపడినా, పోలు మీద ఉన్నోడు ఏమీ అనలేడు కాబట్టి వానికి భయపడలేదు. ఈ సంగతి ఇంతవరకూ నేను ఎవురికీ చెప్పలేదు, మా ఇంటిదానికి కూడా.

"మన లైన్ ఇదీ"

మస్తాన్ బతికినాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో కుడి చెయ్యి భుజం కాడికి, ఎడమ చెయ్యి మోచేతి కాడికి తీసేసినారు.

మూడో దినం ఏఈ సారు సబ్‌స్టేషన్ కాడికి వచ్చినాడు. మొగం వాడిపోయింది, ఆయనకూ నిద్ర లేదు. "చూడు ఓబులేసూ, మన లైన్ ఇదీ. మస్తాన్ ఎల్సీ అడగలేదు, నువ్వియ్యలేదు. కరెంటు యాదో కారణంగా పోయింటే, ఆపినారనుకోని వాడే ఎక్కినాడు. బుక్కులో ఏమీ లేదు కదా? లేదు. ఇంగ గమ్మునుండు."

అందరూ కలిసి చెప్పాల్సిన అబద్ధాన్ని కూడా లైన్ అంటారని ఆ పొద్దు తెలిసింది. నేను గమ్మునున్నా. నౌకరి పోతాది, కేసవుతాది, ఇంట్లో ముగ్గురు పిల్లోళ్ళు. కానీ మస్తాన్ నోరు ఎవురు మూస్తారు, వాడు చెప్పేస్తాడు అని ఒకటే భయం.

విచారణ ఆఫీసరు ఆసుపత్రికి పోయిన దినం నన్నూ రమ్మన్నారు. మంచం పక్కన నిలబడినా. ఆఫీసరు అడిగినాడు. మస్తాన్ పైకప్పు చూస్తానే చెప్పినాడు, "ఎవురూ లైన్ క్లియర్ ఇయ్యలేదు సార్. నేనే చెప్పకుండా ఎక్కినా."

ఏఈ సారు ఏమన్నా ఆశ పెట్టినాడేమో అనుకున్నా. అట్ల అనుకుంటే నాకు సులువు. బయట వరండాలో ఖాసింబీ నన్ను నిలబెట్టింది. ఏడవడం లేదు.

"నీకు ముగ్గురు పిల్లోళ్ళంట. మాకు ఒకతేనంట. నిజం చెప్తే నీ నౌకరి పోతాదంట, వాని చేతులు మాత్రం మళ్ళా రావంట. పొద్దు పోని లెక్కలు ఏసుకున్నాడు నీ స్నేహితుడు. నేనైతే ఆ అబద్ధం చెప్పేదాన్ని కాదు."

"అమ్మా..." అన్నా.

"నన్ను అమ్మా అనొద్దు. పో."

ఫైల్లో 'స్వంత నిర్లక్ష్యం' అని రాసినారు. ఆ రెండు మాటల వల్ల వాళ్ళకు రావాల్సింది శానా భాగం రాలేదు. కొన్ని నెలలు నేను వాళ్ళింటికి పోతాంటి. మస్తాన్ బాగానే మాట్లాడేవాడు, చెయ్యి లేని చొక్కాలో ఈగ తోలలేక ఇబ్బంది పడతాంటే చూడలేకపోతాంటి. మొగం చెల్లక పోవడం మానేసినా. నన్ను నంద్యాలకు బదిలీ చేస్తే సంతోషపడినా కూడా.

నంద్యాలలో పాఠం

రెండువేలు దాటినాక కొత్తగా చేరే లైన్‌మన్లకు రెండు దినాల క్లాసు పెట్టినారు. అనుభవం ఉండాదని పాఠం చెప్పే పని నాకిచ్చినారు. ఎల్సీ గురించి చెప్పినప్పుడల్లా నేనొక కథ చెప్తాంటి. "మా పక్క ఒక లైన్‌మన్, పనిమంతుడు, లైన్ క్లియర్ తీసుకోకుండా ఎక్కినాడు, రెండు చేతులూ పోగొట్టుకున్నాడు." పిల్లోళ్ళు నోరు తెరుచుకోని వినేవాళ్ళు. పాఠం బాగా చెప్తానని పేరొచ్చింది. మూడేండ్లు చెప్పినా. చెప్పి చెప్పి నాకే అది నిజమనిపించింది.

ఒక పొద్దు అదే కథ మధ్యలో ఉండా. వాకిలి కాడ మస్తాన్. పక్కన బిడ్డ పర్వీన్, చేతిలో కాయితాల కవరు. వానికి వెంట్రుకలు నెరిసినాయి, మనిషి మాత్రం అట్లనే పొడుగ్గా ఉండాడు. నేను ఆపలేదు. నా నోరు దాని పాటికి అది కథంతా చెప్పేసింది.

ఒక పిల్లోడు అడిగినాడు, "ఆయప్ప బతికినాడా సార్?"

"బతికినాడప్పా" అన్నాడు మస్తాన్ వాకిట్లోంచే. "ఈడే ఉండాడు."

అందరూ వెనక్కి తిరిగినారు. వాడు నన్ను కాకుండా వాళ్ళను చూసి, "సారు చెప్పింది ఇనండి. లైన్ క్లియర్ లేకుండా ఎక్కాకండి" అన్నాడు.

కింద టీ అంగడికి తీసుకోని పోయినా. పర్వీన్ గ్లాసు పట్టుకోని వాళ్ళ నాయనకు తాపించింది. ఇంటర్ పాసయింది, వాళ్ళ నాయన బదులు ఆఫీసులో అటెండరు నౌకరికి అర్జీ పెట్టింది. 'స్వంత నిర్లక్ష్యం' అని ఫైల్లో ఉండాదని వాపసు పంపినారంట. దానికోసమే వచ్చినారు.

"నీ పిల్లోళ్ళు ఏం చేస్తాండారన్నా?" అని అడిగినాడు మస్తాన్.

"పెద్దోడు టీచరు. రెండోది అత్తగారింట్లో. చిన్నోడు బనగానపల్లెలో అంగడి పెట్టుకున్నాడు."

"బాగుండారు కదా అందరూ?"

"బాగుండారు."

"అయితే ఇంగ నిజం చెప్పచ్చు కదా? వాళ్ళు చిన్నోళ్ళని నేను చెప్పిన అబద్ధం అది. నువ్వింకా చెప్తాండావేందీ? నీ అంతట నువ్వే ఒక పొద్దు చెప్తావని చూస్తాంటి."

పర్వీన్ గ్లాసు కింద పెట్టింది. "ఏం అబద్ధం నాయనా?"

"పెదనాయన చెప్తాడు, ఇను" అన్నాడు వాడు.

చెప్పినా. టైం చెప్పుకున్న సంగతి, పన్నెండుకు లైన్ ఇచ్చిన సంగతి, గమ్మునుండమన్న ఏఈ సారు మాట, అంతా ఏడుస్తానే చెప్పినా. ఆ వారమే ఆఫీసులో కాయితం రాసి సంతకం పెట్టినా. "రిటైరు కాబోతాండావు, పెన్షను ఆగుతాది, యాలప్పా ఇప్పుడు తవ్వుకోవడం?" అన్నారు. నిజంగానే ఆగింది. రెండేండ్లు తిరిగినాక రొంత కోసి మిగిలింది ఇచ్చినారు. పర్వీన్‌కు నౌకరి వచ్చింది. తర్వాతి క్లాసులో పిల్లోళ్ళకు కూడా కథ మార్చి చెప్పినా. మంచి పనే చేసినావన్నారు శానామంది.

ఇప్పుడు ప్రతి రంజానుకు పర్వీన్ సేమ్యా తీసుకోని మా ఇంటికి వస్తాది. "తప్పు ఒప్పుకున్న మనిషివి పెదనాయనా" అంటాది. ఖాసింబీ కూడా నాతో మాట్లాడుతాది. పోయినసారి ఆమె కూడా వచ్చి తనే వడ్డించింది. ఆ సేమ్యా నాకు గొంతు దిగదు.

ఎందుకంటే టీ అంగట్లో నేను బస్సు సంగతి చెప్పలేదు. కాయితంలోనూ రాయలేదు. గడియారం చూసి ఇచ్చినానని రాసినా. బస్సు పోయుంటాదనుకున్నానని మస్తాన్ ఇప్పటికీ నమ్ముతాండాడు. నేను పొరపాటు చేసినాననుకోనే వాడు నా కోసం ఆ అబద్ధం చెప్పినాడు.

మస్తాన్‌కు చదువు రాదు. ఇది అచ్చయితే పర్వీన్ చదివి ఇనిపిస్తాది, అట్లనే ఇనిపించాలని రాస్తాండా. అమ్మా పర్వీన్, ఇది మీ నాయనకు నిదానంగా చదువు. నా పక్క రోడ్డు ఖాళీగా ఉండింది. మీ నాయన ఇంకా పైనే ఉండాడని తెలిసి నేను లైన్ ఇచ్చినాను.